రాళ్ల వాన పడ్డ మర్నాడు తలుపు కొట్టే రూఫర్

ఏప్రిల్‌లో అమెరికా నుంచి సెలవుకని నల్గొండ వచ్చాను. రెండో రోజు సాయంత్రమే ఎదురింటి చెల్లె ఫోన్ పట్టుకుని వచ్చింది. "అన్నా, డల్లాస్‌ల మా పిల్లగాని ఇంటి మీద రాళ్ల వాన పడ్డదంట. ఎవరో వచ్చి కాయితాల మీద సంతకం పెట్టించుకున్నరంట. జర నువ్వు మాట్లాడు."

పిల్లవాడు ఇల్లు కొని ఏడు నెలలే. నిమ్మకాయలంత రాళ్లు పడ్డాయట. మర్నాటికి వీధి నిండా రూఫర్ల, అంటే ఇంటి కప్పు వేసే కాంట్రాక్టర్ల, ట్రక్కులే. ఒకతను నిచ్చెన వేసుకుని పైకెక్కి ఫొటోలు తీసి చూపించాడు. "డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ ఉన్నా నష్టంలో మనం భరించాల్సిన వాటా) కూడా నువ్వు కట్టక్కర్లేదు, మేమే చూసుకుంటం అన్నడు మామా. మనోడే, సూర్యాపేట."

ఆ చివరి మాటకు నాకు నా సంగతి గుర్తొచ్చింది. తొమ్మిదేళ్ల కింద నేనూ ఒక "మనోడి"కి సంతకం పెట్టాను. ఆయనది మిర్యాలగూడ. మా ఇంట్లో చాయ్ తాగాడు, నాయిన పేరు అడిగాడు, టాబ్లెట్ ముందు పెట్టి "ఇది కప్పు ఎక్కి చూడడానికి పర్మిషన్ మాత్రమే అన్నా" అన్నాడు. చదవకుండా వేలితో గీశాను. తీరా చూస్తే ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకుంటే పని తనకే ఇవ్వాలన్న కాంట్రాక్టు అది. రెండేళ్లకు బాత్రూం సీలింగ్ మీద చాయ్ రంగు మరక తేలింది. పైకెక్కించి చూపిస్తే, కప్పులోంచి బయటికొచ్చే గొట్టం చుట్టూ ఉండే రబ్బరు బూటు మార్చనే లేదు. పాతదాని మీదే రంగు కొట్టారు. ఫోన్ చేస్తే నంబర్ లేదు.

అందుకే ముందు సంతకం సంగతి అడిగాను. నిన్న సాయంత్రమే, ఇంట్లోనే పెట్టాడట. అయితే ఇంకా దాటిపోలేదు. ఇంటికొచ్చి చేయించుకున్న ఇలాంటి కాంట్రాక్టును డల్లాస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రంలో మూడో పనిదినం అర్ధరాత్రి దాకా రద్దు చేసుకోవచ్చు. రద్దు ఫారం కూడా వాళ్లే ఇవ్వాలి. మెయిల్‌లో వచ్చిన పీడీఎఫ్ చివరిదాకా చదవమన్నాను. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా రాతపూర్వకంగా పంపి, రుజువు దాచుకోమన్నాను.

ఇక డిడక్టబుల్. రూఫర్ దాన్ని కట్టడం, మాఫీ చేయడం, బిల్లులో సర్దడం 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో నేరం. డిడక్టబుల్ కట్టాల్సింది ఇంటి ఓనరేనన్న మాట రూఫింగ్ కాంట్రాక్టులోనే అచ్చు వేసి ఉండాలి. నువ్వు కట్టినట్టు రుజువు చూపించమని ఇన్సూరెన్స్ కంపెనీ అడగొచ్చు కూడా. అతను బిల్లు పెంచి రాస్తే, తెలిసి ఒప్పుకున్న నువ్వూ ఇరుక్కుంటావు. "ఫ్రీ రూఫ్" అన్నవాడికి ఆ క్షణమే దండం పెట్టి పంపించెయ్యాలి.

"నీ డిడక్టబుల్ ఎంత?" అంటే "2 శాతం మామా, తక్కువే" అన్నాడు. దేంట్లో 2 శాతం? నష్టంలో అనుకున్నాడు. పాలసీ మొదటి పేజీలు తీయించాను. గాలికీ వడగళ్లకూ వేరే డిడక్టబుల్ రాసి ఉంది. ఇల్లు ఎంతకు ఇన్సూర్ చేశారో అందులో 2 శాతం. అతని ఇంటికి 4,50,000 డాలర్లు, అంటే 9,000 డాలర్లు జేబులోంచి. కాసేపు అటునుంచి మాట లేదు.

పక్కనే వింటున్న చెల్లె అందుకుంది. "గంతే కదా. మా అన్నోళ్ల వరి పోతే వ్యవసాయ శాఖ ఏఈఓ వచ్చి చూసి, 33 శాతం పైన పోతేనే రాసుకుంటడు." సరిగ్గా పట్టుకుంది. అమెరికాలో కూడా నష్టం డిడక్టబుల్ దాటకపోతే చేతికి ఏమీ రాదు, క్లెయిమ్ పెట్టినట్టు రికార్డులో మాత్రం ఉండిపోతుంది. అందుకే సంతకం లేకుండా ఇద్దరు రూఫర్లకు చూపించి, నష్టం నిజంగా పెద్దదైతేనే ఇన్సూరెన్స్‌కు ఫోన్ చేయాలి. అలాగని నెలల తరబడి నాన్చొద్దు. లోపలికి నీళ్లు కారుతుంటే మాత్రం వెంటనే టార్పాలిన్ కప్పించి రసీదు దాచాలి.

పాలసీలో ఇంకోటి చూడాలి. కొత్త కప్పు ఖర్చు మొత్తం ఇస్తారా, పాత కప్పు అరిగినందుకు తరుగు తీసేసి ఇస్తారా అని. మొత్తం ఇచ్చే పాలసీ అయినా డబ్బు ఒకేసారి రాదు. ఎస్టిమేట్ 24,000, తరుగు 7,000, డిడక్టబుల్ 9,000 అనుకుందాం. మొదటి చెక్కు 8,000 వస్తుంది. పని పూర్తయ్యి బిల్లు చూపించాక ఆ 7,000 ఇస్తారు. తరుగు తిరిగి ఇవ్వని పాలసీ అయితే ఆ 7,000 కూడా నీ జేబులోంచే. లోన్ ఉన్న ఇల్లయితే చెక్కు మీద బ్యాంకు పేరు కూడా ఉంటుంది, వాళ్ల సంతకానికి వారాలు పట్టొచ్చు. రూఫర్‌కు ఆ మాట ముందే చెప్పుకోవాలి.

నష్టం లెక్కగట్టడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే అడ్జస్టర్ వచ్చిన రోజు ఇంట్లో ఉండాలి. కప్పు ఒక్కో వాలు మీద సుద్దతో పదడుగుల చదరం గీసి, అందులో ఎన్ని దెబ్బలున్నాయో లెక్కపెడతాడు. నువ్వు ఎక్కొద్దు. కింద గట్టర్లు, ఏసీ రేకులు, మెయిల్‌బాక్స్ మీది సొట్టలు ఫొటోలు తీసిపెట్టు, అవి కూడా సాక్ష్యమే. ఆ సమయానికి రూఫర్‌ను పిలవొచ్చు, దెబ్బలు చూపిస్తాడు, తన పని ధర చెప్తాడు. కానీ నీ తరఫున క్లెయిమ్ బేరమాడే హక్కు అతనికి లేదు. దానికి లైసెన్స్ ఉన్న పబ్లిక్ అడ్జస్టర్ వేరు, పైగా పని చేసే రూఫరే అడ్జస్టర్‌గా ఉండకూడదు. ఆ చట్టాన్ని 2024లో టెక్సాస్ సుప్రీంకోర్టు కూడా నిలబెట్టింది. "క్లెయిమంతా నేనే చూసుకుంటా" అన్నాడంటే చట్టం తెలియకపోవాలి, తెలిసీ దాటుతుండాలి.

"మరి ఎవర్ని నమ్మాలె మామా?" అన్నాడు. టెక్సాస్‌లో రూఫర్లకు రాష్ట్ర లైసెన్సే లేదు. నిచ్చెన, ట్రక్కు ఉంటే చాలు. కాబట్టి నేనిప్పుడు మొదట అడిగేది ఐదేళ్ల కింద కప్పు వేయించుకున్న ఇద్దరి నంబర్లు. పోయిన నెల వేసిన కప్పు ఎవరిదైనా బాగానే ఉంటుంది. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ రూఫర్ చేతి నుంచి తీసుకోను, అతని ఇన్సూరెన్స్ ఏజెంట్ నుంచి నేరుగా నా మెయిల్‌కు రావాలంటాను. కూలీలకు దెబ్బ తగిలితే ఎవరు చూస్తారో కూడా అడుగుతాను, ఎందుకంటే టెక్సాస్‌లో ప్రైవేటు యజమానులకు వర్కర్స్ కాంప్ (పనిలో దెబ్బ తగిలిన కూలీలకు ఇన్సూరెన్స్) తప్పనిసరి కాదు. ఏ షింగిల్ (కప్పు మీద పరిచే పలక), కింద చెక్క పాడైతే షీటుకు ఎంత, గొట్టాల బూట్లు కొత్తవేనా, రాలిన మేకులు అయస్కాంతంతో ఏరతారా, అన్నీ కాగితం మీద ఉండాలి. బూట్ల మాట నేను రెండుసార్లు రాయిస్తాను. మొత్తం డబ్బు ముందే ఇవ్వను. చివరి చెక్కు ఇచ్చేటప్పుడు, సామాను షాపుకు బాకీ లేనట్టు కాగితం తీసుకుంటాను. లేదంటే ఆ షాపువాడు తన బాకీ కోసం నా ఇంటి మీద లీన్, అంటే చట్టపరమైన హక్కు, వేయొచ్చు.

వీటన్నిటికీ తృప్తిగా జవాబు చెప్పే సూర్యాపేట అబ్బాయి దొరికితే నాకూ సంతోషమే.

రాత్రి భోజనాలయ్యాక మెసేజ్ వచ్చింది, రద్దు ఫారం మెయిల్‌లోనూ పోస్టులోనూ పంపానని. చెల్లెకు చదివి వినిపించాను. కొంచెంసేపు ఆలోచించి, "ఆ సూర్యాపేట పిల్లగాడు ఎవరోళ్లో, మావోనిని కనుక్కోమనాల్సింది అన్నా" అంది.