తేలికైన కారు, చిన్న పడవ: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

పిల్లలిద్దరూ స్థిరపడ్డారు కాబట్టి కుర్రతనంలో నడిపినటువంటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి కొనుక్కోవాలనీ, వీలైతే చిన్న తెరచాప పడవల పందేలలోకి మళ్లీ దిగాలనీ ఉందని రాశావు. రెండింటిలో ఏది ముందు అని కూడా అడిగావు. నా మాట వింటే పడవ ముందు, కారు తర్వాత. ఆ కారు కూడా నువ్వు మనసు పడ్డ ఆ శక్తిమంతమైన బండి కాకుండా ఉంటే మంచిది. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

గుర్తున్న వేగాన్ని నమ్మవద్దు. 1961లో వచ్చిన మినీ కూపర్ ఇంజిను 997 సీసీ, దాని శక్తి 55 హార్స్‌పవర్ మాత్రమే. 1964, 1965, 1967 సంవత్సరాలలో మోంటే కార్లో ర్యాలీ గెలిచినవి ఆ వంశపు కార్లే కాబట్టి ఆ పేరు వింటే మా తరానికి ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది కానీ, నీ ఇంటి ముందున్న మామూలు కారు దాన్ని చెమటపట్టకుండా దాటిపోగలదు. అప్పటి కార్లలో మనల్ని పట్టేసింది వాటి తేలికదనం. 1962లో లోటస్ సంస్థ తెచ్చిన ఎలాన్ బరువు 700 కిలోలకు లోపే. సీటు నేలను తాకుతున్నట్టు ఉండేది, స్టీరింగుకు ఏ సాయమూ ఉండేది కాదు, ముందు టైరు పట్టు సడలుతోందన్న సంగతి అరచేతులకు ముందే తెలిసిపోయేది. అందువల్లనే గంటకు 80 కిలోమీటర్లకే గుండె వేగంగా కొట్టుకునేది.

ఇప్పటి శక్తిమంతమైన కారులో 160 దగ్గర కూడా మీటరు చూస్తే తప్ప వేగం తెలియదు. పాత పులకింత కావాలంటే ఇంకా పైకి పోవాలి, అక్కడ మాత్రం లెక్క నీకు ఎదురు తిరుగుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను ఆలోచనకు పోతే బండి దాదాపు 28 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. వయసు యాభై దాటాక ఆ ఆలోచన కొంచెం నిదానిస్తుంది, చీకట్లో కంటిపాప మునుపటిలా విప్పారదు, ఎదురుగా వచ్చే దీపాల వెలుగు నుంచి తేరుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఇది నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు. నువ్వు కోరుకుంటున్న అనుభవం తక్కువ వేగంలో, తక్కువ ప్రమాదంతో దొరికే చోటు ఒకటి ఉందని చెప్పడానికి రాస్తున్నాను.

ఆ చోటు నీళ్ల మీద ఉంది. నీటిని చీల్చుకుంటూ సాగే పడవ తాను లేపిన అలల మధ్యే చిక్కుకుపోతుంది; నీటిని తాకే పొడవు నాలుగు మీటర్లయితే గంటకు సుమారు 9 కిలోమీటర్ల దగ్గర దానికి హద్దు వస్తుంది. గాలి బలపడి, పడవ తేలికగా ఉండి, నడిపేవాడు సరైన క్షణంలో ఒళ్లు వెనక్కి వాల్చి తెరచాప తాడు లాగితే, ముక్కు పైకి లేచి పడవ తన అల మీదికే ఎక్కి జారడం మొదలుపెడుతుంది. చుక్కాని ఒక్కసారిగా తేలికై గుయ్యిమంటుంది. ఉఫా ఫాక్స్ అనే ఇంగ్లిష్ పడవల రూపకర్త 1928లో అవెంజర్ అనే చిన్న పడవను ఇలా జారేలాగే మలిచి, 57 పందేలలో పాల్గొని 52 గెలిచాడు. అలా జారుతున్నప్పుడు వేగం గంటకు 20 కిలోమీటర్ల చిల్లర ఉంటుందేమో, అయినా ముఖం నీటికి అంత దగ్గరగా ఉండటం వల్ల అంతకు మించిన వేగం లోకంలో లేదనిపిస్తుంది. పట్టు తప్పితే చాలావరకు జరిగేది తడవడమే.

పడవ ఎంపికలో పంతానికి పోవద్దు. ఒంటరిగా నడిపే పడవలలో పూర్వం లేజర్ అని పిలిచిన ఐఎల్‌సీఏ దాదాపు ఎక్కడైనా దొరుకుతుంది. పొడవు 4.2 మీటర్లు, ఒట్టి పడవ బరువు 59 కిలోలు. అదే పడవకు 7.06, 5.76, 4.7 చదరపు మీటర్ల మూడు తెరచాపలు ఉన్నాయి. చిన్నప్పుడు పెద్దది వాడావు కాబట్టి ఇప్పుడూ అదే కావాలంటావని తెలుసు, కానీ మొదటి ఏడాది మధ్యదానితో గడుపు. అంచు మీద కూర్చుని పాదాలు పట్టీలో దూర్చి శరీరాన్ని బయటికి వాల్చే భంగిమలో బరువంతా మోకాళ్ల మీద, నడుము మీద పడుతుంది. నీళ్లలోకి దిగడానికి రెండు మూడు నెలల ముందు నుంచే తొడలకు, పొట్ట కండరాలకు వ్యాయామం మొదలుపెట్టు. మోకాళ్లు ఒప్పుకోకపోతే ఇద్దరు నడిపే పడవ చూసుకో. డెన్మార్క్‌కు చెందిన పాల్ ఎల్వ్‌స్ట్రోమ్ 1948 నుంచి 1960 వరకు వరుసగా నాలుగు ఒలింపిక్స్‌లలో ఒంటరిగా స్వర్ణాలు గెలిచి, 1988లో 60 ఏళ్ల వయసులో కూతురితో కలిసి మళ్లీ ఒలింపిక్స్‌లో పోటీ చేశాడు. ఐఎల్‌సీఏ పెద్దల పోటీలలో 45 నుంచి 54 ఏళ్ల వారికి ఒక వర్గం, ఆపైన పదేళ్లకొకటి చొప్పున, చివరికి 75 దాటిన వారికి కూడా ఒకటి ఉంది. కాబట్టి ఆలస్యమైందని బెంగపడకు.

పందెం కంటే ముందు బోల్తా సాధన చెయ్యి. గాలి తక్కువగా ఉన్న రోజున, ఒడ్డు దగ్గర, పక్కన ఇంకో పడవను ఉంచుకుని కావాలనే బోల్తా కొట్టించు. పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగే నడిమి పలక మీద నిలబడి పడవను లేపడం నీకు గుర్తే ఉంటుంది. తడిసిన బట్టలతో తిరిగి లోపలికి ఎక్కడమే ఈ వయసులో అసలు పరీక్ష. అది అలసిపోయాక కూడా చేయగలిగితేనే బలమైన గాలిలోకి వెళ్లు. బట్టలు ఎండను చూసి కాక, నీటి చల్లదనాన్ని చూసి వేసుకో. చల్లటి నీళ్లలో పడగానే ఊపిరి మన అదుపులో ఉండదు. మొదటి ఒకటి రెండు నిమిషాలు పడవను పట్టుకుని శ్వాస కుదుటపడనివ్వు, ఎట్టి పరిస్థితిలోనూ పడవను వదిలి ఈదవద్దు. తేలే జాకెట్టు గురించి వేరే చెప్పనక్కరలేదు.

నియమాలను మళ్లీ చదువు. గాలి కుడివైపు నుంచి తగులుతున్న పడవకే దారి హక్కు అన్న ఒక్కటీ గుర్తుంటే చాలదు. ఇద్దరికీ ఒకే వైపు నుంచి గాలి వస్తున్నప్పుడు గాలి వచ్చే వైపు ఉన్న పడవ, గాలి పోయే వైపు ఉన్న పడవకు దారి ఇవ్వాలి. అయిదు నిమిషాల ముందు తొలి సంకేతం పడగానే నీలోని ఇరవై ఏళ్లవాడు నిద్ర లేస్తాడు. మొదటి కొన్ని పందేలలో ఆరంభ గీత దగ్గరి గుంపులోకి దూరకుండా, ఒక చివర ఖాళీగా ఉన్న నీటిలోంచి బయలుదేరు. అయిదారు స్థానాలు పోతే పోనీ.

ఇక కారు. 1960ల నాటిది కొంటే నడపడం కంటే బాగుచేయించడమే ఎక్కువ ఉంటుంది. అది కూడా ఒక సరదాయే, కాని నువ్వు అడిగింది ఆ సరదా కాదు. 1989లో వచ్చిన మాజ్డా ఎంఎక్స్-5 మొదటి తరం బండి బరువు టన్నుకు లోపు, పాత రెండు సీట్ల కార్ల స్వభావం అందులో ఉంది, అన్ని విధాలా నమ్మకమైనది. ఏది చూసినా ఇంజిను మోత విని మురిసిపోకుండా ముందు అడుగుభాగంలో తుప్పు చూడు, ఇంజిను సంగతి తర్వాత. టైరు పక్కన ఉండే నాలుగంకెల గుర్తులో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు ఏడాదిని చెబుతాయి; చారలు లోతుగానే కనిపించినా పదేళ్లు దాటితే మార్చెయ్యి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగని డాట్ 4 రకం బ్రేకు ద్రవం తేమ పట్టాక 155 దగ్గరే మరగవచ్చు, అప్పుడు పెడల్ నేలకు దిగిపోతుంది. అందువల్ల కొన్న వెంటనే దాన్నీ, రబ్బరు పైపులన్నిటినీ మార్పించు. గట్టిగా నడపాలనిపిస్తే రేసు ట్రాక్‌కే వెళ్లు. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ 70 ఏళ్ల వయసులో, 1995లో, అమెరికాలోని డేటోనా 24 గంటల రేసులో తన విభాగం గెలిచిన జట్టులో ఒకడు. అయితే ఆయన వెనుక ఉన్న మెకానిక్కుల బృందం నీ వెనుక లేదని మరిచిపోకు.

పడవ కాలం ముగిశాకే కార్ల బేరాలు మొదలుపెట్టు. చూడటానికి వెళ్లే రోజు రెండు రోజుల ముందుగా తెలియజేస్తే నేనూ వస్తాను. కారు కిందికి దూరి తుప్పు వెతకడం నీ పని, అమ్మేవాడితో మాట్లాడటం నా పని.

ఇట్లు,
నీ మేనమామ