సంఘం పని అడిగితే వద్దనకు

బిడ్డా, ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. యూనివర్సిటీ ఫైనాన్స్ ఆఫీసర్ల సంఘం వాళ్లు నిన్ను వర్కింగ్ కమిటీలోకి రమ్మంటున్నారని, అసలే ఊపిరాడని ఉద్యోగంలో జీతం లేని ఈ పని ఎందుకని అడిగావు. ఫోన్‌లో చెప్తే పది నిమిషాల మాట. కానీ నువ్వు ఫైలు మనిషివి, రాతలో ఉంటేనే నమ్ముతావు. తార్నాకలో రిటైరైన మనిషికి తీరికకేం తక్కువ, అందుకే రాస్తున్నా.

వెళ్లమనే చెప్తాను.

యూనివర్సిటీలో ప్రొఫెసర్‌కు పక్క గదిలో ఇంకో ప్రొఫెసర్ ఉంటాడు. డీన్‌కు తోటి డీన్లు ఉంటారు. ఎఫ్‌ఓ, అంటే ఫైనాన్స్ ఆఫీసర్, మాత్రం క్యాంపస్ మొత్తానికి ఒక్కరే. వీసీ గారిని అడిగితే ఇదీ తెలియదా అనుకుంటారేమో అనిపించే సందేహం, సెక్షన్‌లో అడిగితే లోకువయ్యే సందేహం, ఆడిట్ వాళ్లను అడిగితే మరుసటి వారం ఆడిట్ పేరాగా, అంటే రాతపూర్వక అభ్యంతరంగా మారే సందేహం నీకు రోజూ ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. దాన్ని భయం లేకుండా అడగగలిగేది ఇంకో యూనివర్సిటీ ఎఫ్‌ఓనే. చందా కట్టి, ఏడాదికోసారి సదస్సుకు వెళ్లి, బ్యాగూ పెన్నూ తీసుకుని భోంచేసి వస్తే నంబర్లు దొరుకుతాయి. మార్చి నెలాఖరున రాత్రి తొమ్మిదింటికి ఆ నంబరు నొక్కే చనువు మాత్రం దొరకదు. అది నాలుగు కాగితాలు కలిసి తయారుచేసినవాళ్ల మధ్యే పుడుతుంది.

మన హైదరాబాద్‌లో ఇదింకా సులువు. 1918 నాటి ఉస్మానియా, 1974లో వచ్చిన సెంట్రల్ యూనివర్సిటీ, కూకట్‌పల్లిలో జేఎన్‌టీయూ, 1982 నుంచి ఓపెన్ యూనివర్సిటీ, 1998లో ఉర్దూ యూనివర్సిటీ మనూ, ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ సరేసరి. అన్నీ ఒకే నగరంలో ఉన్నా, డబ్బు వచ్చే దారి ఒక్కోదానిది ఒక్కో రకం. రాష్ట్రానివాటికి బ్లాక్ గ్రాంటు (ప్రభుత్వం ఏటా మొత్తంగా ఇచ్చే సొమ్ము), జీతాలు, పింఛన్ల తలనొప్పి. కేంద్రానివాటికి పీఎఫ్‌ఎంఎస్ (కేంద్రం నిధుల లెక్క చూసే ఆన్‌లైన్ వ్యవస్థ), యూసీలు (డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే ధ్రువపత్రాలు), కాగ్ ఆడిట్. ఓపెన్ యూనివర్సిటీలో స్టడీ సెంటర్ల ఫీజుల లెక్క వేరే లోకం.

2024 అక్టోబరు గుర్తుందా? అనుబంధంగా ఉన్న కాలేజీల నుంచి తీసుకునే అఫిలియేషన్ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ వర్తిస్తుందని సర్క్యులర్ వచ్చింది. అదే నెలలో, గ్రాంటు తీసుకుని చేసే పరిశోధన సేవలకు జీఎస్టీ మినహాయింపు దొరికింది. వందల కాలేజీలున్న యూనివర్సిటీకి మొదటిది పిడుగు, అనుబంధ కాలేజీలే లేని సెంట్రల్ యూనివర్సిటీకి రెండోది వరం. తన గదిలో తాను కూర్చుని చదువుకున్న ఎఫ్‌ఓకు తన సగమే కనిపిస్తుంది. కమిటీలో ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే రెండు సగాలూ అర్థమవుతాయి. రేపు నువ్వు ఈ యూనివర్సిటీ వదిలి ఇంకోదానికి మారితే (కేంద్ర విశ్వవిద్యాలయాల్లో ఎఫ్‌ఓ పదవి ఐదేళ్ల కాలానికేనని నీకు తెలుసు) ఆ రెండో సగం అప్పుడు పనికొస్తుంది.

ఇంకో లాభం ఉంది. నా దృష్టిలో ఇదే పెద్దది, ఎవరూ పైకి చెప్పరు. ఆఫీసులో నీ మాట చెల్లడానికి నీ సంతకం సగం కారణం. నువ్వు పాస్ చేయకపోతే బిల్లు కదలదు, అందుకని వింటారు. సంఘంలో నీ సంతకానికి విలువ లేదు. అక్కడున్నవాళ్లంతా నీ అంత వాళ్లే, కొందరు నీకంటే సీనియర్లు, ఎవరికీ నీ మాట వినాల్సిన అవసరం లేదు. అలాంటివాళ్లలో ఒకరి చేత గడువులోగా నోట్ రాయించడం, ఇంకొకరి చేత ఒప్పించిన తేదీకి సెషన్ చెప్పించడం నేర్చుకున్నావంటే, ఆ తర్వాత డీన్లను బడ్జెట్ కోతకు ఒప్పించడం నీకో లెక్క కాదు. డబ్బు పెట్టి కొన్న ఏ మేనేజ్‌మెంట్ కోర్సులోనూ ఇది రాదు.

అమెరికాలో నాకుబో అని కాలేజీ, యూనివర్సిటీ బిజినెస్ ఆఫీసర్ల సంఘం ఉంది, 1962 నాటిది. బ్రిటన్‌లో యూనివర్సిటీ ఫైనాన్స్ డైరెక్టర్ల సంఘం (BUFDG) ఉంది. జీతం తీసుకునే సిబ్బంది ఉన్నా, వాటి కమిటీల్లో కూర్చునేది ఉద్యోగాలు చేసుకుంటున్న సభ్యులే. వాళ్లకూ మార్చి ఎండింగ్ లాంటివి ఉంటాయిలే, నెల పేరే వేరు.

ఇక ఏ పని తీసుకోవాలో చెప్తా. వేదిక, శాలువా, పూలబొకే కమిటీ జోలికి పోకు. దానికి మనుషులు ఎప్పుడూ దొరుకుతారు. కోశాధికారి పదవి కూడా మొదటి ఏడాది వద్దు. లెక్కలవాళ్ల సంఘంలో సొంత లెక్కలే ఆలస్యమవుతుంటాయి, దీపం కింద చీకటన్నట్టు. నువ్వు కాగితం పని అడుగు. ఉదాహరణకు ప్రాజెక్టు డబ్బు మీద వచ్చిన వడ్డీ ప్రాజెక్టుదేనని ప్రొఫెసర్లు నీతో వాదిస్తున్నారన్నావు. కేంద్ర గ్రాంటు మీద వడ్డీని కన్సాలిడేటెడ్ ఫండ్‌కు, అంటే కేంద్ర ఖజానాకు, జమచేయాలని జీఎఫ్‌ఆర్ (కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళి) 2017లో 230(8) నిబంధన చెప్తోంది. దాని మీద ప్రొఫెసర్లకు అర్థమయ్యే భాషలో ఒక్క పేజీ నోట్ రాసి సంఘంలో పెట్టు. నలుగురు దిద్దుతారు. పది యూనివర్సిటీలు వాడుకుంటాయి. నీ క్యాంపస్‌లో అది ఎఫ్‌ఓ మొండితనంలా కనిపించదు, అందరూ పాటిస్తున్న పద్ధతి అవుతుంది.

రెండు జాగ్రత్తలు. సదస్సులకు స్పాన్సర్లుగా బ్యాంకులు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు వస్తాయి. మీ దగ్గర టెండరు వేసిన కంపెనీ ఉంటే ఆ చర్చలో నువ్వు కూర్చోకు, కూర్చోలేదని రాతలో ఉండేలా చూడు. మీ ఫైళ్లలోని అంకెలు బయట మాట్లాడకు, సమస్య మాట్లాడితే చాలు. రెండో శనివారాలు కొన్ని పోతాయి, అది దాచను. ఇంట్లో ముందే చెప్పుకో.

మీ వీసీ గారికి ముందు ఒక నోట్ పెట్టు, ఆన్ డ్యూటీ అడుగు, మార్చి, ఏప్రిల్ నెలల్లో సంఘం పని చేయలేనని కార్యదర్శికి ఇప్పుడే చెప్పు. ఆ వడ్డీ నోట్ మొదటి ప్రతి నాకు పంపు, ఎర్ర పెన్ను ఇంకా నా దగ్గరే ఉంది.

ఇట్లు,
మీ పాత ఎఫ్‌ఓ సారు