తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు, చేతికి తిమ్మిరి: నా అనుభవం

మీకు నెలకు రెండుసార్లు తలనొప్పి వస్తోందని, దానికి ముందు కళ్ల ముందు వంకర గీతలు మెరిసి, చేయి తిమ్మిరెక్కి, మాట తడబడుతోందని రాశారు. స్కానింగ్‌లో ఏమీ లేదనేసరికి ఇంట్లోవాళ్లు మనోవ్యాధి అంటున్నారట. వారి మాట పట్టించుకోకండి. స్కానింగ్ బాగుందంటే మెదడులో గడ్డ, రక్తస్రావం వంటివి కనబడలేదని అర్థం, అంతే. మీరు చెప్పిన వరస చూస్తే ‘ఆరా’తో, అంటే తలనొప్పికి ముందు కనబడే ఇలాంటి లక్షణాలతో, వచ్చే మైగ్రేన్‌లా ఉంది. కాలేజీ రోజుల నుంచి నాకూ ఇదే ఉంది.

నాకు మొదట చూపులో చిన్న ఖాళీ ఏర్పడుతుంది. ఒకసారి పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతుంటే ‘విజయవాడ’లో ‘జయ’ మాయమైంది. ఏ కన్ను మూసి చూసినా అంతే, ఎందుకంటే లోపం కంటిలో లేదు. తర్వాత ఆ ఖాళీ అంచున రంపపు పళ్లలాంటి వెలుగు పుట్టి, పెరుగుతూ పక్కకు జరిగిపోతుంది. అది పోయేలోపు వేలికొసల్లో తిమ్మిరి మొదలై మణికట్టుకు, మోచేతికి పాకి, ఆపైన పెదవికి, సగం నాలుకకు చేరుతుంది. మంచినీళ్లు అడగాలంటే మాట అందదు. ఆ తర్వాతే తలనొప్పి, వాంతులు.

ఇలా ఒకదాని వెనుక ఒకటి రావడానికి కారణం ఉంది. మెదడు పైపొరలో ఒక అల నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల వేగంతో పాకుతుంది. బ్రెజిల్ శాస్త్రవేత్త అరిస్టిడెస్ లియావో కుందేళ్ల మెదడులో దీన్ని గమనించి 1944లో ప్రకటించారు. అల చేరిన చోటి పని కాసేపు తప్పుతుంది. అందుకే ఒక్కో లక్షణం సాధారణంగా 5 నుంచి 60 నిమిషాలుండి సర్దుకుంటుంది.

పక్షవాతం ఇలా మెల్లగా పాకదు, చాలావరకు ఒక్కసారిగా పడుతుంది. మూతి వంకరపోయినా, చేయీ కాలూ హఠాత్తుగా చచ్చుబడినా, ఎన్నడూ ఎరగనంత తలనొప్పి క్షణాల్లో ముంచుకొచ్చినా మైగ్రేనే అనుకుని పడుకోవద్దు. 108కి ఫోన్ చేయండి. పక్షవాతం తెచ్చిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.

న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్లేముందు ఏది ఎప్పుడు మొదలైందో, ఎంతసేపుందో రాసి పెట్టుకోండి. నా విషయంలో స్కానింగ్ కన్నా ఆ కాగితమే ఎక్కువ చెప్పింది. నాకు ప్రొప్రనోలాల్ రాశారు, తలనొప్పులు బాగా తగ్గాయి. ఉబ్బసం ఉన్నవారికి అది పనికిరాదు కాబట్టి నా మందు చూసి మీరు కొనకండి. నొప్పి బిళ్లలు కూడా అదేపనిగా వేసుకుంటే వాటివల్లే తలనొప్పి పట్టుకుంటుంది.

మీరు స్త్రీ అయితే ఇంకో ముఖ్యమైన మాట. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు ఆరా ఉన్నవారికి పక్షవాతం ముప్పు పెంచుతాయి. గైనకాలజిస్టు అడగకపోయినా మీరే చెప్పండి.

తిమ్మిరి ఎంతసేపుంటుందో మీరు రాయలేదు. గంట దాటుతుంటే, లేదా చేతిలో పట్టు కూడా పోతుంటే, అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా ఈరోజే వెళ్లండి.