రోజు విడిచి రోజు బడి: కొత్త టీచరమ్మకు పెదనాన్న ఉత్తరం

28 అక్టోబర్ 2020

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. దసరాకి నువ్వు రాలేదని మీ పెద్దమ్మ చిన్నబుచ్చుకుంది గానీ, ఈ కరోనా రోజుల్లో రాకపోవడమే మంచిదయింది. మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి "చూద్దాంలేమ్మా" అని తప్పించుకున్నాను. ఆ తర్వాత రాత్రంతా అదే ఆలోచన. ఫోన్‌లో అయితే నాకు సగం మాటలు గుర్తు రావు. అందుకే రాస్తున్నా.

కరోనాతో మూసిన బడి సోమవారం, నవంబర్ 2న తెరుస్తున్నారు. గదికి 16 మంది. మీ హెడ్మాస్టరు గారు తొమ్మిదిని ఒక రోజు, పదిని మరో రోజు రమ్మంటున్నారన్నావు. మధ్యాహ్నం భోజనం పెట్టి ఇంటికి పంపేయాలి. ఇంటి దగ్గరుండే రోజు వాట్సాప్‌లో పాఠం. "పెదనాన్నా, ఇలా సగం సగం రోజుల్లో సిలబస్ ఎలా అవుతుంది?" అన్నావు. అవదమ్మా. ఆ మాట ముందే ఒప్పుకుంటే నీ టెన్షన్ సగం తగ్గుతుంది.

నేను ఒకసారి ఒప్పుకోలేదు. 2013లో సమైక్యాంధ్ర సమ్మె అప్పుడు నేను హెడ్మాస్టర్ని. టీచర్లమంతా సమ్మెలోకి దిగాం, బడి వారాల తరబడి మూతపడింది. తెరిచాక ఆదివారాలు, రెండో శనివారాలు కూడా పెట్టి పాఠాలు పరుగెత్తించాను. డిసెంబరు కల్లా రిజిస్టరులో సిలబస్ పూర్తయింది. ఒకరోజు పదో తరగతిలో త్రికోణమితి చెబుతూ, రెండో బెంచీలో ఒక పిల్ల నోట్సులోకి తొంగి చూశాను. మూడు బై నాలుగు ప్లస్ ఒకటి బై రెండు ఈజ్ ఈక్వల్ టు నాలుగు బై ఆరు అని వేసి ఉంది. పైవి పైవి, కిందవి కిందవి కూడేసింది. ఆ పిల్లకి నేను నెల రోజులుగా సైన్ తీటా, కాస్ తీటా చెబుతున్నాను. ఆ ఏడు నేను పూర్తి చేసిన సిలబస్ నాదే గానీ పిల్లలది కాదు.

మీ పిల్లల సంగతి దానికంటే కష్టం. మార్చి 19 నుంచి బడి లేదు, అంటే ఏడున్నర నెలలు. తొమ్మిదికి వచ్చినవాళ్లూ పదికి వచ్చినవాళ్లూ వార్షిక పరీక్ష రాయకుండానే పై తరగతికి వచ్చారు. కాబట్టి మొదటి వారమే లెక్కల పుస్తకంలోని వాస్తవ సంఖ్యలు మొదలుపెట్టకు. అర ఠావు కాగితం మీద ఏడో తరగతి లెక్కలు ఐదు ఇవ్వు. ఒక భిన్నాల కూడిక, ఒక రుణ సంఖ్యల తీసివేత, ఒక శాతం, ఒక చిన్న సమీకరణం, ఒక వైశాల్యం. మార్కులు వెయ్యకు, పేర్లు చదవకు. ఆ కాగితాలు ఇంటికి తీసుకెళ్లి కూర్చుంటే, ఎవరు ఎక్కడ ఆగిపోయారో గంటలో తేలిపోతుంది. నీ ఏడాది ప్లాను ఆ కాగితాల్లోంచి రావాలి.

ఇక అసలు సంగతి. బడి రోజు, ఇంటి రోజు అని రెండు వేరు వేరు బళ్లు నడపకు. చాలామంది చేయబోయేది అదే. వాట్సాప్‌లో ఒక పాఠం, బడిలో ఇంకో పాఠం, దీనికీ దానికీ సంబంధం ఉండదు. లేదంటే ఫోన్‌లో పంపిందే మళ్లీ మొదటి నుంచి బోర్డు మీద చెబుతారు. అలా చెబితే ఇంట్లో చూసినవాడు విసుక్కుంటాడు, ఇక చూడటం మానేస్తాడు. ఇంటి రోజు చేసిన పనితోనే బడి రోజు మొదటి పీరియడు మొదలవ్వాలి. నిన్న ఇచ్చిన నాలుగు లెక్కల్లో ఎవరికి ఏది ఆగింది? ఆగిన లెక్క పక్కన సున్నా చుట్టుకుని రమ్మను. ఎక్కువ సున్నాలు పడిన లెక్క ఏదో అదే ఆ రోజు నీ పాఠం. ఎదురుగా ఉన్నప్పుడే జరిగే పని అదొక్కటే. మిగతాదంతా కాగితం మీద పంపొచ్చు.

ఇంటి రోజు అనగానే ఫోనే అనుకోకు. ఊళ్లో ఫోను నాన్నది. నాన్న పొద్దున్నే ఆరింటికి పనిలోకి వెళ్తే చీకటి పడ్డాక వస్తాడు. నువ్వు పది గంటలకి వీడియో పెట్టి, ఎవరూ చూడలేదని బాధపడితే తప్పు పిల్లలది కాదు. రాత్రి ఏడున్నర, ఎనిమిది మధ్య పంపు. వీడియో వద్దు, నెట్ ప్యాకు అయిపోతుంది. బోర్డు మీద చేసిన లెక్క ఫోటో ఒకటి, రెండు నిమిషాలు దాటని వాయిస్ మెసేజ్ ఒకటి చాలు. ఒక ఫోనుకి ముగ్గురు పిల్లలున్న ఇల్లుంటుంది, అక్కడ పెద్దది తొమ్మిది చదువుతుంటే చిన్నోడు గేములు ఆడుతుంటాడు. దాన్ని మనం సరిచేయలేం. అసలు ఫోనే లేని వాళ్లని మాత్రం మొదటి రోజే లెక్క తీసుకో. చేతులెత్తమని అడగకు. సిగ్గుపడి ఉందని చెబుతారు. వీధుల వారీగా జంటలు కట్టు: ఫోనున్న పిల్ల, లేని పిల్ల, ఒకే వీధి. ఎవరి ఇల్లు ఎక్కడో నీకు తెలియకపోతే ఊరి వాలంటీరుని అడుగు. 50 ఇళ్లకి ఒకరున్నారు, వాళ్లకి తెలియని గడప ఉండదు. దూరదర్శన్ సప్తగిరి ఛానెల్‌లో పాఠాలు వచ్చే టైము చీటీ రాసి ఇవ్వు గానీ, దాని మీదే భారం వేయకు. టీవీ సందేహం తీర్చదు.

గదికి 16 మంది అంటే నీ 44 మంది పదో తరగతి మూడు గదులవుతుంది. లెక్కలకి ఉన్నది నువ్వొక్కదానివే. ఒకే పాఠం మూడు సార్లు చెప్పి గొంతు పోగొట్టుకుంటావేమోనని నా భయం. నేను ఉద్యోగంలో చేరింది ఏకోపాధ్యాయ పాఠశాలలో. ఒకే వరండా, ఐదు తరగతులు, నేనొక్కణ్ణి. అక్కడ నేర్చుకున్నదేమిటంటే, ఒకరికి పాఠం చెబుతుంటే ఇంకొకరికి చేతినిండా పని ఉండాలి. ఒక గదిలో పాఠం, రెండో గదిలో లెక్కలు చేసుకోవడం, మూడో గదిలో ఒకరి పని ఒకరు సరిచూసుకోవడం. ఇరవై నిమిషాలకి మారు. మొదటి వారం గోలగోలగా ఉంటుంది. పక్క గది సోషల్ మాస్టారు వచ్చి మూలుగుతారు. రెండో వారానికి పిల్లలే సర్దుకుంటారు. ప్రతి గదిలో ఒక పెద్దరికం ఉన్న పిల్లనో పిల్లాడినో చూసుకో. ఫస్టు ర్యాంకు వాడిని మాత్రం పెట్టకు, వాడు తన లెక్కలు తను చేసుకుంటూ కూర్చుంటాడు.

మాస్కు సంగతి నేను అనుభవించలేదు, మీ పెద్దమ్మకి కూరగాయల దుకాణంలో ఒకే మాట మూడుసార్లు చెప్పాల్సి రావడం చూశాను, అంతే. దాని వల్ల నీకు రెండు ఇబ్బందులు. నీ గొంతు వెనక బెంచీకి వెళ్లదు. అరవకు, బోర్డు మీద ఎక్కువ రాయి. రెండోది, అసలే నోరు విప్పని పిల్ల మాస్కు వెనక పూర్తిగా మాయమైపోతుంది. అర్థమైందో లేదో ముఖం చూసి చెప్పలేవు. ప్రశ్న అడిగి నాలుగు జవాబులు రాసి, ఒకటా రెండా మూడా నాలుగా వేళ్లతో చూపించమను. ఛాతీ దగ్గర పెట్టి చూపించమను, పక్కవాళ్లకి కనిపించకుండా. పదహారు మంది చేతులు ఒక్క చూపులో చదివేస్తావు.

చేతులు కడిగించే దగ్గర ఒక చిన్న చిట్కా. కుళాయి దగ్గర సబ్బు పెడితే మధ్యాహ్నానికి మాయమవుతుంది, లేదా నీళ్లలో నానిపోతుంది. ఉల్లిపాయలు వచ్చే ఎర్ర వల సంచీ ముక్కలో సబ్బు వేసి, పురికొసతో కుళాయికి వేలాడదియ్యి. వల మీద రుద్దితే నురగ వస్తుంది, సబ్బు కిందపడదు. బడిని బాగుచేసే నాడు-నేడు పనులు ఇంకా అవుతున్నాయన్నావు కదా, ఏ గదిలో సిమెంటు బస్తాలున్నాయో, ఏ కుళాయిలో నీళ్లొస్తున్నాయో ఆదివారమే వెళ్లి చూసుకో. సోమవారం పొద్దున తల్లిదండ్రులు అనుమతి పత్రాలు పట్టుకుని గేటు దగ్గర నిలబడతారు, అప్పుడు నీకు తీరదు. భోజనం పళ్లేలు, మంచినీళ్ల సీసాలు ఇంటి నుంచే తెచ్చుకోమని ముందు రోజే చెప్పించు.

నవంబరులో పల్నాడు వైపు పత్తి తీతలు. ఇంటి రోజు నీ పిల్లల్లో కొంతమంది చేనులో ఉంటారు, ఇది రాసిపెట్టుకో. బడి మూసిన ఈ నెలల్లో కూలికి అలవాటు పడ్డ చేతులు, ఇంట్లో ఆ డబ్బు అవసరం కూడా. మర్నాడు ఇచ్చిన లెక్కలు చేసుకుని రాలేదని నిలబెట్టి అడిగావంటే ఆ తర్వాత బడి రోజు కూడా రారు. రాత్రి అరగంటలో అయ్యే పని ఇవ్వు. నాలుగు లెక్కలు, ఐదోది వద్దు. మగపిల్లలు చేను నుంచి తిరిగొస్తారు. నాకు భయం పదో తరగతి ఆడపిల్లల గురించి. రెండో వారానికి కూడా రాని పిల్ల ఉంటే హాజరు పట్టీలో ఆబ్సెంట్ వేసి ఊరుకోకు. దాని స్నేహితురాలిని పక్కకి పిలిచి అడుగు. పెళ్లి మాట ఏమైనా వినిపిస్తే నువ్వొక్కదానివే వాళ్లింటికి వెళ్లకు, అంగన్‌వాడీ టీచరుని తోడు తీసుకెళ్లు. మాట వినకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. ఊళ్లో చెడ్డపేరొస్తుందని వెనకాడకు. నేను ఒకసారి వెనకాడాను. ఆ కథ ఉత్తరంలో రాయలేను, వచ్చినప్పుడు చెబుతా.

ఇంట్లో ఎవరికైనా కరోనా వచ్చి పోయిన పిల్లలుంటారు, పెద్దవాళ్లని పోగొట్టుకున్నవాళ్లూ ఉండొచ్చు. క్లాసులో అందరి ముందు అడగకు. పక్కవాళ్లు బెంచీ జరుపుకుంటే మాత్రం గట్టిగా చెప్పు. నువ్వు మెత్తగా ఉంటావని తెలుసు, ఈ ఒక్కచోట కోప్పడు.

నీ సంగతి కూడా చూసుకోమ్మా. పొద్దున రెండు గంటలు బస్సులో, మధ్యాహ్నం దాకా మాస్కులో, రాత్రి ఎనిమిది నుంచి వాట్సాప్‌లో పిల్లల సందేహాలు. తొమ్మిదిన్నరకి ఫోను పక్కన పడెయ్. రాత్రి పదకొండుకి వచ్చిన సందేహం పొద్దున్నకి కూడా సందేహంగానే ఉంటుంది, ఎక్కడికీ పోదు.

నా పాత కర్ర వృత్తలేఖిని, పెద్ద కోణమానిని ఆర్టీసీ బస్సు పార్సిల్‌లో వేశాను, శుక్రవారానికి అందుతాయి. వృత్తలేఖిని స్క్రూ కాస్త వదులు, సుద్దముక్కకి కాగితం చుట్టి బిగించుకో. సోమవారం ఎంతమంది వచ్చారో రాత్రి ఫోన్ చేసి చెప్పు. మీ పెద్దమ్మ ఫోనుకి చెయ్యి, నాది మళ్లీ చార్జింగు ఎక్కడం లేదు.

ఆశీస్సులతో,
పెదనాన్న