పాప ఫీజు చిట్టి పాడి 85 అంగుళాల టీవీ తేవచ్చా?

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. వయసు 41. నాకు చేతికి 82 వేలు, మా ఆవిడకు ప్రైవేటు స్కూల్లో 28 వేలు వస్తాయి. ఇంటి లోను కిస్తీ 34 వేలు. పాప తొమ్మిదో తరగతి, బాబు ఐదు. పాప ఇంటర్ ఫీజుకని 5 లక్షల చిట్టి వేశాను, 25 నెలలది. ఏడు నెలలు కట్టాను. డివిడెండ్ పోను నెలకు 17 వేలు పడుతోంది. బ్యాంకులో 1.40 లక్షలు ఉన్నాయి. అన్ని ఖర్చులూ పోను నెలకు 12 వేలు మిగులుతుంది, దసరాకు 35 వేలు బోనస్ వస్తుంది. చాలా ఏళ్లుగా ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టుకోవాలని కోరిక. 85 అంగుళాల టీవీ 1.65 లక్షలు, స్పీకర్ల సెట్టు 72 వేలు, ఫాల్స్ సీలింగ్, గోడ ప్యానెళ్లు కలిపి 90 వేలు చెప్పారు. ఫిబ్రవరి పాటలో లక్ష వదులుకుంటే చిట్టి నాకే వస్తుంది, చేతికి 4 లక్షలు. లేదంటే టీవీ వరకు 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉందంటున్నారు. మా ఆవిడ 55 అంగుళాలు చాలంటోంది. హాలు 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. సోఫా ఒక పొడుగు గోడకు ఆనుకుని ఉంటుంది, టీవీ దాని ఎదురు గోడకు వస్తుంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు చిట్టి సంగతి. టీవీ గురించి తర్వాత మాట్లాడుకుందాం, ఎందుకంటే టీవీ విషయంలో మీరు మరీ తప్పేమీ చేయడం లేదు. చిట్టి విషయంలో చేస్తున్నారు.

మీరు వదులుకునే లక్ష ఎక్కడికి పోతుందో చూడండి. కమిషన్ 5 శాతం అనుకుంటే 25 వేలు కంపెనీకి. మిగతా 75 వేలు 25 మంది సభ్యులకు తలా 3 వేలు, అదే డివిడెండ్. (2019 సవరణ తర్వాత చిట్ ఫండ్ల చట్టం 7 శాతం దాకా కమిషన్ తీసుకోనిస్తుంది. మీ ఒప్పంద పత్రంలో ఎంతుందో ఒకసారి చూసుకోండి.) మీ చేతికి 4 లక్షలు వస్తాయి. ఆ నెలతో కలిపి అప్పటికి మీరు కట్టింది ఎనిమిది నెలలు, 1.36 లక్షలు. అంటే ఆ 4 లక్షల్లో 1.36 లక్షలు మీ సొంత డబ్బే. మీకు కొత్తగా దొరికే అప్పు 2.64 లక్షలు. దీనికి ఇంకా 17 నెలలు కట్టాలి. పోటీ తగ్గేకొద్దీ డివిడెండ్ తగ్గి కిస్తీ పెరుగుతుంది కాబట్టి సగటున 18,500 వేసుకుందాం. మొత్తం 3.14 లక్షలు పైచిలుకు. 2.64 లక్షలు తీసుకుని 17 నెలల్లో ఇంత కడితే వడ్డీ ఎంతో తెలుసా? నూటికి రెండు రూపాయలు. ఊళ్లో ఎవరైనా ఆ వడ్డీకి అప్పు తెచ్చి టీవీ కొన్నాడని వింటే మీరేమంటారు?

అదే చిట్టిని చివరిదాకా ఉంచితే కమిషన్ పోను 4.75 లక్షలు వస్తాయి. రెండు దారుల్లోనూ మీరు కట్టేది దాదాపు ఒకటే, 4.5 లక్షల చుట్టుపక్కల. తేడా 75 వేలు. మీ స్పీకర్ల సెట్టు ఖరీదు కన్నా ఎక్కువ.

వడ్డీ కన్నా నన్ను ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. మీ చిట్టి పూర్తయ్యేది వచ్చే ఏడాది జూలైలో. పాప పదో తరగతి అయిపోయి ఇంటర్‌లో చేరేది అదే వేసవిలో. లెక్క చూసుకునే ఈ చిట్టి వేసి ఉంటారు, మంచి పని చేశారు. ఇప్పుడు ఎత్తుకుంటే హోమ్ థియేటర్‌కు 3.27 లక్షలు పోయి 73 వేలు మిగులుతాయి. కాలేజీ వాళ్లు ఫీజు అడిగే నెలలో మీరు ఎప్పుడో వాడేసిన చిట్టికి కిస్తీ కడుతూ ఉంటారు. అప్పుడు మళ్లీ అప్పు, బహుశా బంగారం మీద. పైగా చిట్టి ఎత్తుకోవాలంటే ష్యూరిటీ సంతకాలు కావాలి. ఆ సంతకాల కోసం తిరిగేటప్పుడు "ఎందుకు ఎత్తుకుంటున్నావు?" అని అడిగితే పెద్ద టీవీ కోసమని చెప్పగలరా?

కాబట్టి పాట జోలికి వెళ్లొద్దు. ఫీజు మే, జూన్‌లోనే కట్టమంటే చివరి రెండు మూడు నెలల్లో పాడండి. అప్పటికి పాడేవాళ్లు తగ్గిపోతారు, తక్కువకే వస్తుంది.

నో కాస్ట్ ఈఎంఐ సంగతి త్వరగా తేలిపోతుంది. 1.65 లక్షలను 12తో భాగిస్తే నెలకు 13,750. మీకు మిగిలేది 12 వేలు. మొదటి నెల నుంచే 1,750 తక్కువ. అది పక్కన పెట్టినా, వడ్డీ లేని అప్పు అంటూ ఏదీ ఉండదు. సున్నా శాతం వడ్డీ అనేది లేనే లేదని రిజర్వు బ్యాంకే 2013లో బ్యాంకులకు చెప్పింది. అప్పటి నుంచి పేరు మారింది, పద్ధతి మారింది. వడ్డీ ఎంతవుతుందో అంత డిస్కౌంటుగా చూపిస్తారు, తర్వాత ఆ వడ్డీని మీ దగ్గర నుంచి కిస్తీల్లో తీసుకుంటారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ మాత్రం కార్డు బిల్లులో విడిగా పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరే. వడ్డీ 12 వేలు అనుకుంటే జీఎస్‌టీ ఒక్కటే 2 వేలు దాటుతుంది. షాపులో ఒక మాట అడిగి చూడండి: "మొత్తం ఇప్పుడే కట్టేస్తే ఎంతకిస్తారు?" వాళ్లు తగ్గించే మొత్తమే ఆ "నో కాస్ట్" అసలు కాస్ట్.

ఇక టీవీ. ఇక్కడ మీ ఇద్దరి మధ్యా తీర్పు చెప్పాలి కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ఎన్ని అంగుళాలు కొనాలన్నది జేబు కన్నా ముందు సోఫా చెబుతుంది. గోడ నుంచి గోడకు 12 అడుగులున్నా, సోఫాలో కూర్చున్న మనిషి కళ్లు వెనక గోడకు రెండడుగులు ముందే ఉంటాయి. టీవీ కూడా గోడకు కొంచెం ముందుకు వస్తుంది. మీకు దొరికే దూరం తొమ్మిదిన్నర అడుగులు, అంటే 114 అంగుళాలు. సినిమా చూస్తున్నట్టు అనిపించాలంటే తెర మన చూపులో కనీసం 30 డిగ్రీల మేర పరుచుకోవాలని ఆ రంగంలో వాళ్ల లెక్క. దాన్ని సులువు చేస్తే, దూరాన్ని అంగుళాల్లో రాసుకుని 1.6తో భాగించడమే. మీకు 71 వస్తుంది. 55 అంగుళాల టీవీ ఏడున్నర అడుగుల దూరానికి సరిపోయే తెర. మీ ఆవిడ చెప్పింది టీవీ చూడటానికి చాలు కానీ, మీరు కోరుకుంటున్న హోమ్ థియేటర్‌కు చిన్నది. 85 మీ హాల్లో మరీ పెద్దదేమీ కాదు, కళ్లకు ఇబ్బంది ఉండదు. కాకపోతే మీకు సరిగ్గా కుదిరేది 75.

65, 75 మధ్య పది అంగుళాలే కదా అనిపిస్తుంది. ఆ అంగుళాలు మూల నుంచి మూలకు కొలిచినవి. విస్తీర్ణంలో 75 అంగుళాల తెర 65 కన్నా మూడో వంతు పెద్దది. 55తో పోలిస్తే దాదాపు రెండింతలు. 75 నుంచి 85కు పెరిగేది నాలుగో వంతు పైన కొంచెం. మార్కెట్లో మాత్రం ధర ఆ మేరకే పెరగదు, 75 దాటాక గబగబా ఎక్కుతుంది. మీరే ఇంకో రెండు షాపుల్లో రెండు సైజుల ధరలూ రాసుకుని చూడండి. మధ్యస్థ రకం 75 అంగుళాల టీవీ లక్ష రూపాయల లోపు దొరికితే చాలు అనుకుంటున్నాను. మన లెక్కకు 98 వేలు వేసుకుందాం.

ఇక ఆ ఎల్‌ఈడీ, క్యూఎల్‌ఈడీ, మినీ ఎల్‌ఈడీ గొడవ. ఈ మూడింటిలోనూ ఉన్నది ఎల్‌సీడీ తెరే, వెనక వెలుగు ఇచ్చే ఏర్పాటులోనే తేడా. మినీ ఎల్‌ఈడీలో ఆ వెలుగును చిన్న చిన్న భాగాలుగా ఆర్పుతూ వెలిగిస్తారు కాబట్టి నలుపు బాగా కనిపిస్తుంది. ఓఎల్‌ఈడీ అసలు వేరే జాతి. చీకటి గదిలో దానికి సాటి లేదు, కానీ పగటి వెలుతురు పడే హాల్లో దాని గొప్పతనం సగం కనిపించదు, రోజంతా వార్తా చానల్ నడిచే ఇంట్లో ఆ చానల్ లోగో మచ్చలా మిగిలిపోయే అవకాశమూ ఉంది. మన ఇళ్లలో వార్తా చానల్ ఆగదు కదా! మీరు డబ్బు అదనంగా పెట్టాలనుకుంటే సైజుకు కాకుండా మినీ ఎల్‌ఈడీకి పెట్టండి. 120 హెర్ట్జ్ (సెకనుకు 120 సార్లు బొమ్మ మారే తెర) లాంటివి పిల్లలకు ప్లేస్టేషన్ ఉంటే తప్ప అక్కర్లేదు.

ఒక చిన్న హెచ్చరిక. తెర పెరిగేకొద్దీ మామూలు కేబుల్ చానళ్లు మసకగా కనిపిస్తాయి. సీరియళ్లు చూసే మీ ఆవిడ మొదటి వారంలోనే ఆ మాట అంటారు. హెచ్‌డీ చానళ్లు వేయించుకోవాలి. నెట్‌ఫ్లిక్స్‌లో 4కె కావాలంటే అన్నిటికన్నా ఖరీదైన ప్లానే తీసుకోవాలి. 200 వాట్లు తీసుకునే టీవీ రోజుకు ఐదు గంటలు నడిస్తే నెలకు 30 యూనిట్లు. ఇవన్నీ కలిపి నెలకు ఓ 800 రూపాయలు పక్కన పెట్టుకోండి.

స్పీకర్ల గురించి నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కింద నేనూ మీలాగే మోజుపడి 5.1 సెట్టు (చుట్టూ ఐదు స్పీకర్లు, ఒక బాస్ పెట్టె) కొన్నాను. గ్రానైట్ నేల, ఖాళీ గోడలు, కర్టెన్లు లేవు. మాట మోగిపోయి ఒక్క డైలాగూ సరిగ్గా వినపడేది కాదు. వెనక స్పీకర్లకు వెళ్లే తీగలు రెండుసార్లు చీపురుకు తగిలి ఊడిపోయాయి. ఇప్పుడు ఆ వెనక స్పీకర్లలో ఒకదాని మీద మనీ ప్లాంట్ కుండీ ఉంది. అందుకే మీకు చెప్పేది: 90 వేల సీలింగ్, ప్యానెళ్లు వద్దే వద్దు. మందపాటి కర్టెన్లు, ఒక పెద్ద తివాచీ, ఇంకా చెప్పాలంటే పుస్తకాల అలమర, ఇవి చేసే పని ఎక్కువ. మొదట మధ్యలో డైలాగులకు విడిగా స్పీకర్ ఉన్న సౌండ్‌బార్ చాలు. టీవీలో ఈఆర్క్ (టీవీ శబ్దాన్ని స్పీకర్లకు పంపే ఏర్పాటు) అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ సాకెట్ ఉండేలా చూసుకోండి, రేపు పెద్ద సెట్టు పెట్టుకున్నా అదే పనికొస్తుంది. సౌండ్‌బార్ కూడా టీవీతో పాటే కొనక్కర్లేదు, ఆ పైసంవత్సరం బోనస్‌కు వదిలేయండి.

ఇప్పుడు డబ్బు ఎక్కడి నుంచి? మీ బ్యాంకులోని 1.40 లక్షలు ముట్టుకోవద్దు. కిస్తీ, చిట్టి, ఇంటి ఖర్చు కలిపితే మీకు నెలకు 98 వేలు కావాలి. ఆ డబ్బు నెలన్నరకు కూడా సరిపోదు. ఒక ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అన్నా అదే దిక్కు. నెలనెలా మిగిలే 12 వేలలో 4 వేలు దానికి కలపండి. 8 వేలు బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ వేయండి. ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా తొమ్మిది నెలలకు 72 వేలు, కొద్దిగా వడ్డీ. బోనస్ 35 వేలు కలిపితే 1.07 లక్షలు. దసరా, దీపావళి అమ్మకాల్లో డబ్బు చేతిలో పెట్టుకుని బేరమాడే మనిషికి ఉండే బలం వేరు. 75 అంగుళాల టీవీ, గోడకు బిగింపు, స్టెబిలైజర్ అన్నీ అందులోనే వచ్చేస్తాయి.

ధర చూసేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంటే పాత ధరలో దాదాపు 8 శాతం పన్ను వల్లే తగ్గాలి. పాత ఎంఆర్‌పీని కొట్టేసి చూపించే డిస్కౌంటులో ఆ భాగం షాపువాళ్ల దయ కాదు.

కొన్న రోజు పెట్టె విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి, తెర మీద గీతలు, చుక్కలు ఉన్నాయేమో బిగించేవాళ్లు వెళ్లకముందే చూడండి. దెబ్బ తగిలి తెర పగిలితే వారంటీ పనికిరాదు, పెద్ద తెర మార్చే ఖర్చు ఇంచుమించు కొత్త టీవీ ఖర్చే. మీరుండేది అపార్ట్‌మెంట్ అయితే పెట్టె లిఫ్టులో పడుతుందో లేదో ముందే కొలవండి. 85 అంగుళాల తెరే 188 సెంటీమీటర్ల వెడల్పు, పెట్టె ఇంకా పెద్దది. గోడ నాలుగంగుళాల ఇటుకదైతే మేస్త్రీకి చూపించి బిగించండి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. పాత న్యూస్‌పేపర్లు అతికించి 166 సెంటీమీటర్ల వెడల్పు, 93 సెంటీమీటర్ల ఎత్తు ఉండేలా గోడకు అంటించండి. అది 75 అంగుళాల తెర. దాని మీదే 122కు 68 కొలతతో స్కెచ్ పెన్నుతో గీత గీయండి, అది మీ ఆవిడ చెప్పిన 55. వారం రోజులు అలాగే ఉంచి, రోజూ సోఫాలో కూర్చుని టీ తాగుతూ ఇద్దరూ చూడండి. ఆమె అప్పటికీ 55 చాలంటే 75 మానేసి ఆమె మాటే వినండి. డబ్బు కూడా దసరాకు చాలా ముందే సమకూరుతుంది.