రైతు సందేహం: 30 పశువుల డెయిరీకి గాలిమర కరెంటు సరిపోతుందా?

ప్రశ్న: మాది 30 పాడి పశువుల ఫారం. రోజుకు 300 లీటర్ల పాలు వస్తాయి. పాలు పితికే యంత్రం, బల్క్ కూలర్ (పాలు చల్లబరిచే ట్యాంకు), ఛాఫ్ కట్టర్ (మేత ముక్కలు చేసే యంత్రం), నీళ్ల మోటారు, ఫ్యాన్లు, వేడినీళ్లు అన్నీ కలిపి రోజుకు 35 యూనిట్ల దాకా కాలుతోంది. మా దగ్గర గాలి బాగానే వీస్తుంది. 5 కిలోవాట్ల గాలిమర పెడితే రోజుకు 120 యూనిట్లు వస్తాయని లెక్క వేసుకున్నాను. పెట్టవచ్చా? దానివల్ల పశువులు బెదురుతాయా?

జవాబు: పెట్టవచ్చు, కానీ 120 యూనిట్ల లెక్కను మాత్రం కొట్టేయండి. మీరు 5ను 24తో హెచ్చవేశారు. మర మీద రాసిన 5 కిలోవాట్లు సెకనుకు 11 మీటర్ల గాలికి, అంటే గంటకు 40 కిలోమీటర్ల వేగానికి చెప్పే మాట. అంత గాలి రోజంతా వీస్తే మీ షెడ్డు మీద గడ్డి మోపు నిలవదు.

గాలి వేగం సగానికి తగ్గితే అందులోని శక్తి సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఎంత గొప్ప మరైనా తనగుండా పోయే గాలి శక్తిలో 59.3 శాతానికి మించి పట్టుకోలేదు, అది భౌతికశాస్త్రం గీసిన గీత. చిన్న మరలకు ఏడాది పొడవునా చూస్తే పావు వంతు దక్కినా మంచిదే. ఆ లెక్కన 5 మీటర్ల వ్యాసం రెక్కలున్న మరకు సగటు గాలి సెకనుకు 5 మీటర్లుంటే రోజుకు సుమారు 17 యూనిట్లు, 4 మీటర్లయితే 9 యూనిట్లు వస్తాయి. 3 మీటర్లే అయితే మూడు యూనిట్లు వచ్చినా గొప్పే, ఎందుకంటే చాలా మరలు అసలు తిరగడం మొదలుపెట్టేదే 3 మీటర్ల దగ్గర. అదే 6 మీటర్లుంటే 29 యూనిట్ల దాకా రావచ్చు. అమ్మేవాళ్లు కిలోవాట్లు చెబుతారు, మీరు రెక్కల వ్యాసం అడగండి.

కాబట్టి 'బాగానే వీస్తుంది' అనే మాటను అంకెగా మార్చాలి. మర పెట్టదలచిన చోట, వీలైనంత ఎత్తున, గాలి వేగం కొలిచే పరికరాన్ని ఏడాదిపాటు ఉంచండి. ఒక సీజన్ చూసి నిర్ణయిస్తే మోసపోతారు. ఈలోగా ఒంటరిగా నిలబడ్డ చెట్లను గమనించండి. కొమ్మలన్నీ ఒకే వైపుకు వాలి పెరిగాయంటే అక్కడ బలమైన గాలి నిలకడగా వీస్తున్నట్టే. అన్ని వైపులా గుండ్రంగా పెరిగిన చెట్టు మరకు అంత మంచి సాక్ష్యం కాదు.

షెడ్డు కప్పు మీద మర పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. 6 మీటర్ల షెడ్డు వెనుక గాలి దాదాపు 120 మీటర్ల దాకా, 12 మీటర్ల ఎత్తు వరకూ సుడులు తిరుగుతుంది. సుడిగాలిలో కరెంటు తగ్గుతుంది, బేరింగులు త్వరగా అరుగుతాయి. 150 మీటర్ల లోపు ఏ చెట్టు, ఏ కట్టడం ఉన్నా రెక్కల కింది కొస దానికంటే 9, 10 మీటర్లు పైన ఉండాలి. చుట్టూ 12 మీటర్ల చెట్లుంటే స్తంభం 25 మీటర్లు కావాలన్నమాట. ఖర్చు గుండె గుభేలుమనిపిస్తుంది, నిజమే. కానీ చదునైన బయలులో 10 మీటర్ల ఎత్తు నుంచి 30 మీటర్లకు వెళితే గాలిలో శక్తి సుమారు 60 శాతం పెరుగుతుంది. పొట్టి స్తంభం మీద పెద్ద మర కంటే పొడుగు స్తంభం మీద చిన్న మర నయం.

ఇక అసలు చిక్కు వేళలది. తెల్లవారుజామున మీరు పాలు పితికే సమయానికి చాలా చోట్ల నేల దగ్గర గాలి పడిపోయి ఉంటుంది, మధ్యాహ్నానికి గానీ పుంజుకోదు. పశువు పొదుగు గాలి కోసం ఆగదు. అందుకే వాయిదా వేయగలిగిన పనులను గాలికి అప్పగించమంటాను. నీటి తొట్టి నింపడం అలాంటిది. పాలు చల్లబరచడం కూడా, ముందే మంచు కట్టి దాచుకునే ఐస్ బ్యాంకు రకం కూలర్ ఉంటే. మీ 300 లీటర్ల పాలను 35 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకు దించాలంటే సుమారు 110 కిలోల మంచు కరగాలి. గాలి ఉన్నప్పుడు ఆ మంచు గడ్డకట్టించి పెట్టుకుంటే, అదే మీ బ్యాటరీ.

మూడోది వేడినీళ్లు. బ్యాటరీలు నిండాక చిన్న మరను లోడు లేకుండా వదిలేయకూడదు, వేగం అదుపు తప్పుతుంది. మిగులు కరెంటును ఎక్కడో ఒకచోట కాల్చాలి. చాలామంది దాన్ని గాలిలోకి వేడిగా వదిలేస్తారు. మీకు పాల గిన్నెలు, గొట్టాలు కడగడానికి వేడినీళ్లు కావాలి కదా, ఆ మిగులును నీళ్ల హీటరుకు మళ్లించండి.

ఛాఫ్ కట్టర్ విషయంలో జాగ్రత్త. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఇన్వర్టరు దాన్ని తట్టుకునేలా ఉండాలి, లేదా మోటారును మెల్లగా మొదలుపెట్టించే సాఫ్ట్ స్టార్టర్ పెట్టాలి.

పశువుల సంగతి. రెక్కల చప్పుడుకు అవి కొద్ది రోజుల్లో అలవాటు పడతాయి. నేను భయపడేది చప్పుడుకు కాదు, లీకయ్యే కరెంటుకు. మనకు తెలియని రెండు, మూడు వోల్టులు నీటి తొట్టికీ తడి నేలకూ మధ్య ఉన్నా పశువుకు తెలుస్తుంది. నీళ్లు తాగబోయి మూతి తాకించి వెనక్కి తీసుకోవడం, నాలుకతో చప్పరిస్తూ తాగడం, పాలు పితికేటప్పుడు కాళ్లు మార్చడం కనిపిస్తే ఎర్తింగు పరీక్ష చేయించండి. స్తంభం ఎర్తు, షెడ్డు ఎర్తు, పశువులను కట్టే ఇనుప కడ్డీలు, తొట్లు అన్నిటినీ తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత ఒకటిగా కలిపించాలి.

స్తంభాన్ని లాగి కట్టే తీగలుంటే వాటి చుట్టూ కంచె తప్పనిసరి. దురద పుట్టిన పశువుకు ఆ తీగ కంటే మంచి గోకుడు స్తంభం దొరకదు. పేడ, మూత్రం చేరే చోట ఆ తీగలను నేలలో పట్టి ఉంచే లంగరు కడ్డీలను తుప్పు నేల లోపలే తినేస్తుంది, పైకి కనపడదు. స్తంభం కూలినా షెడ్డుకు, ఇంటికి, దారికి తగలనంత దూరంలో నిలపాలి. ఏడాదికోసారి కిందికి దించి బోల్టులు, రెక్కలు చూసే వీలున్న వాలు స్తంభమైతే మేలు.

నా అభిప్రాయం అడిగితే, మీ ఫారంలో మొదటి కరెంటు పేడదే. 30 పశువుల నుంచి రోజుకు 450 కిలోల పేడ సేకరించగలిగితే 16 నుంచి 18 ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ వస్తుంది. అందులో ఉండే, ఇంజినును తినేసే హైడ్రోజన్ సల్ఫైడు వాయువును తొలగించి జనరేటరులో మండిస్తే సుమారు 25 యూనిట్లు. గాలి లేని తెల్లవారుజామునా అది పనిచేస్తుంది. మర దానికి తోడుగా ఉండాలి, బదులుగా కాదు. సగటు గాలి 4 మీటర్లు దాటకపోతే మర ఆలోచన వదిలి సోలార్ పలకలు చూడండి. మీ అవసరం నీళ్లు తోడడం వరకే అయితే, ఎక్కువ రెక్కలుండి నెమ్మదిగా తిరుగుతూ పంపును నేరుగా కదిపే పాతకాలపు గాలిమరే చాలు, కరెంటు ఊసే అక్కరలేదు.

ఈ నెలలో చేయాల్సినవి రెండే. గాలి పరికరం బిగించడం, ఒక్కో యంత్రానికి విడిగా మీటరు పెట్టి ఏది ఎప్పుడు ఎంత కాలుస్తోందో గంటల వారీగా రాయడం. ఆ పుస్తకం, నెలవారీ గాలి సగటులు చేతికొచ్చాక పంపండి, రెక్కల కొలత, స్తంభం ఎత్తు అప్పుడు తేలుద్దాం.