ఫైబర్ ఫ్లేర్లు బిగిస్తే ఆర్సీకి తంటా ఉందా?

ప్రశ్న: మాది బొబ్బిలి. రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారు ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. బాడీ మొత్తం స్టీలు. ఏపీ 35 నంబరు, ఆర్సీ నా పేరు మీదే ఉంది, ఇంకో రెండేళ్లలో 15 ఏళ్లు నిండుతాయి. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. వెడల్పు టైర్లు వేయించి నాలుగు మడ్‌గార్డుల మీద ఫైబర్‌గ్లాస్ ఫ్లేర్లు, అంటే వెడల్పు టైరును కప్పేలా చక్రం వంపు మీద బయటికి పొడుచుకొచ్చే పట్టీలు, బిగించాలని ఉంది. విశాఖలో ఒక షెడ్డు వాళ్లు చక్రాల మీది వంపును రెండంగుళాలు కోసి, ఫ్లేరు అతికించి, జాయింటు కనపడకుండా లప్పం పట్టించి పెయింటు కొడతామంటున్నారు. ఆర్సీలో ఏదీ మారదు కాబట్టి ఆర్టీవో పర్మిషన్ అక్కర్లేదట. నిజమేనా? పట్టుబడితే శిక్ష ఏమిటి? ఇన్సూరెన్స్‌కి ఇబ్బంది వస్తుందా? రేపు జాయింటు పగిలితే ఎవరిని అడగాలి?

జవాబు: షెడ్డు వాళ్లు చెప్పింది సగం కూడా నిజం కాదు. ఆ కోత మాత్రం ఒప్పుకోకండి. మీ నాలుగు ప్రశ్నలకూ జవాబు రేకు కోశారా లేదా అన్నదాని మీదే ఆధారపడి ఉంది.

మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. మార్పు అంటే ఏమిటో ఆ సెక్షన్ కిందే వివరణ ఉంది: బండి నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మౌలిక లక్షణం మారితే అది మార్పు. షెడ్డు వాళ్లు పట్టుకు వేలాడేది ఈ వివరణనే. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, రంగు, సీట్లు ఏవీ మారలేదు కదా అంటారు. కానీ ఆర్సీలో బాడీ రకం ఉంది, ఖాళీ బండి బరువు ఉంది. పైగా రీజనల్ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసర్ వర్సెస్ కె. జయచంద్ర కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు సెక్షన్ 52ను గట్టిగా చదివింది. తయారీదారు ఇచ్చిన రూపానికి విరుద్ధంగా మార్చడానికి వీల్లేదని, రాష్ట్ర నియమాలు గానీ సర్క్యులర్లు గానీ ఈ సెక్షన్‌ను దాటలేవని చెప్పింది. అంతకు ముందు కేరళ హైకోర్టు ఇచ్చిన వెసులుబాటు దాంతో పోయింది.

ఇప్పుడు కారు దగ్గరికి వద్దాం. ఇలాంటి కార్లలో ముందు మడ్‌గార్డు మామూలుగా బోల్టుల మీద ఉంటుంది. విప్పి కొత్తది వేసుకోవచ్చు. వెనక మడ్‌గార్డు అలా కాదు. పై రేకు, లోపలి చక్రం గూడు రేకు రెండూ వంపు అంచు దగ్గర కలిసి స్పాట్ వెల్డింగ్‌తో ఒకటై ఉంటాయి. వేరే ఛాసిస్ లేని బండిలో ఆ అంచు కూడా బరువు మోసే భాగమే. దాన్ని రెండంగుళాలు కోస్తే రెండు రేకులూ విడిపోతాయి. మళ్లీ కలిపి వెల్డింగ్ చేసి సీల్ చేయకపోతే నీళ్లు, దుమ్ము నేరుగా డిక్కీలోకి, బండి అడుగున దూలంలా ఉండే సైడు మెంబరులోకి వెళ్తాయి. ‘నిర్మాణంలో మార్పు’ అన్న మాటకు ఇంతకన్నా సూటి ఉదాహరణ వెతకక్కర్లేదు. రేకు కోయకుండా పైన బోల్టులతో బిగించి, కావాలంటే విప్పి పాత రూపానికి తెచ్చుకోగల ఫ్లేరుకైతే వాదన ఉంది. వాదన ఉందన్నానే గానీ పూర్తి రక్షణ ఉందనలేదు, ఎందుకంటే శిక్ష చెప్పే సెక్షన్ భాష ఇంకా వెడల్పుగా ఉంది.

అది సెక్షన్ 182ఏ(4), 2019 సవరణతో వచ్చింది. చట్టం అనుమతించని తీరులో, విడిభాగాలు బిగించడం ద్వారా సహా, బండిని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాట గమనించండి. ఫ్లేర్లు ఒకటి, వెడల్పు చక్రాలు ఇంకొకటి అని లెక్కపెట్టే అధికారి తగలొచ్చు. ఆచరణలో ఇది సెక్షన్ 200 కింద రాజీ రుసుము కట్టి ముగించుకోగల నేరమే. కానీ ఛలానా కట్టినంత మాత్రాన మార్పు చట్టబద్ధం కాదు. మరుసటి వారం ఇంకో చెక్‌పోస్టులో మళ్లీ రాయొచ్చు.

షెడ్డు వాళ్లకు ఈ ముక్క చెప్పి చూడండి. అదే చట్టంలో సెక్షన్ 2(8) ప్రకారం ‘డీలరు’ అంటే బండ్లు అమ్మేవాళ్లే కాదు, మరమ్మతు చేసేవాళ్లు కూడా. డీలరు నిబంధనలకు విరుద్ధంగా బండిని మారిస్తే సెక్షన్ 182ఏ(1) కింద ఏడాది వరకు జైలు, లేదా బండికి లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. ఎవరూ అడగరన్న ధీమా సాధారణంగా ఇక్కడ కొంచెం తగ్గుతుంది.

బండి లాక్కుపోతారా అని చాలామంది భయపడతారు. సెక్షన్ 207 కింద బండిని ఆపి ఉంచే అధికారం లైసెన్సు లేకపోవడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ ఉల్లంఘన లాంటి వాటికే. ఫ్లేర్లు ఒక్కటే కారణంగా ఆ సెక్షన్ వర్తించదు. సెక్షన్ 53 వేరు. బండి నిబంధనలకు తగ్గట్టు లేదనో, రోడ్డు మీద ప్రమాదకరమనో అనుకుంటే రిజిస్టరింగ్ అధికారి ఆర్సీని సస్పెండ్ చేయొచ్చు. ముందుగా మీకు నోటీసిచ్చి మీ మాట వినాలి. ఆ నోటీసుకు జవాబివ్వకుండా ఊరుకోకండి. సస్పెన్షన్ ఆగకుండా ఆరు నెలలు సాగితే రద్దు దాకా పోవచ్చు. ఉత్తర్వు అందిన 30 రోజుల్లోపు సెక్షన్ 57 కింద అప్పీలు చేసుకోవచ్చు.

కాబట్టి డ్రిల్లు పట్టుకోకముందే విజయనగరంలోని రవాణా కార్యాలయంలో రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. ఆర్సీ, ఇన్సూరెన్స్ కాపీలు, నాలుగు వైపుల ఫోటోలు, ఫ్లేరు కొలతలు, ఒక్కో దాని బరువు, బిగించే పద్ధతి జతచేయండి. ‘బాడీ రేకు కోయను, వెల్డింగ్ చేయను, ఫ్లేర్లు ఎప్పుడైనా విప్పగలిగేలా ఉంటాయి’ అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. రసీదు తీసుకోండి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నోటితో ‘ఏం ఫర్లేదు, వేసుకో’ అంటే దానికి విలువ లేదు, ఆయన బదిలీ అయితే ఆ మాటా బదిలీ అవుతుంది. కాదంటే కారణం రాసి ఇమ్మని అడగండి. మార్పు చేశాక 14 రోజుల్లోపు ఆర్సీతో సహా తెలపాలని సెక్షన్ 52లోనే ఉంది. కొందరు దీన్ని ముందు చేసేసి తరవాత చెప్పొచ్చని చదువుతారు. ఆ గడువు మార్పును ఆర్సీలో ఎక్కించడానికి, కూడని మార్పును కూడినదిగా చేయడానికి కాదు.

బిగించే పద్ధతి మెకానిక్ గొడవ, వకీలుకెందుకు అనుకోవద్దు. అధికారి ముందైనా, ఇన్సూరెన్స్ సర్వేయర్ ముందైనా, కన్స్యూమర్ కమిషన్‌లోనైనా కేసు నిలబడేది, పడేది దీని మీదే. ముందు మీ జాయింటు ఎందుకు పగులుతుందో చూడండి. వేడికి ఫైబర్‌గ్లాస్ స్టీలు కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. మీటరు పొడవున్న ఫ్లేరులో 40 డిగ్రీల తేడాకు అర మిల్లీమీటరు పైన కదలిక ఉంటుంది. మే నెల ఎండలో నిలబెట్టిన ముదురు రంగు కారుకు పగటికీ రాత్రికీ అంత తేడా వచ్చేస్తుంది. జాయింటు మీద లప్పం గట్టిపడి ఉంటుంది, కదలదు. కొన్ని నెలల్లో సన్నని గీత, అందులోంచి నీళ్లు, లోపల తుప్పు, పైన పెయింటు బుడగలు. దానికి తోడు ఫైబర్‌గ్లాస్ పనిలో జిగురుగా వాడే పాలిస్టర్ రెజిన్‌కి స్టీలు మీద పట్టు తక్కువ. అతికించడమే తప్పదంటే రేకును 80 నంబరు ఎమెరీతో మెరిసే లోహం దాకా రుద్ది, జిడ్డు తుడిచి, ఎపాక్సీ జిగురు గానీ మెథాక్రిలేట్ జిగురు గానీ వాడాలి. ఫ్లేరు వెనక వైపు కూడా రుద్దాలి. అయినా నా ఓటు బోల్టుకే.

ఫ్లేరు మందం 3 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, అంటే చదరపు మీటరుకు 450 గ్రాములుండే గాజునూలు మ్యాట్ మూడు పొరలు. రెజిన్‌ను గట్టిపరిచే హార్డెనర్ రెజిన్ బరువులో 1 నుంచి 2 శాతం. తొందర కోసం ఎక్కువ పోస్తే వేడెక్కి వంకర పోతుంది. అచ్చులోంచి తీశాక కొన్ని రోజులు ఎండలో ఆరనివ్వాలి, లేకపోతే పెయింటు వేశాక మ్యాట్ నూలు గుర్తులు పైకి తేలతాయి. మన తీరం వెంబడి ఫైబర్ తెప్పలు చేసే చేతులకు ఈ పని తెలియనిది కాదు. కాకపోతే తెప్ప మందం వేరు, దీనిది వేరు. మందం కాగితం మీద రాయించుకోండి.

బండి నాలుగు చక్రాల మీద బరువుతో నిలబడి ఉండగా ఫ్లేర్లను టేపుతో ఆనించి, స్టీరింగు రెండు వైపులా చివరి దాకా తిప్పి చూసుకున్నాకే గుర్తులు పెట్టాలి. వంపు నడిమధ్య నుంచి మొదలుపెట్టి చివరలకు వెళ్లాలి. 100 నుంచి 120 మిల్లీమీటర్లకు ఒక బోల్టు, ఫ్లేరు అంచుకు 20 మిల్లీమీటర్లు లోపలికి. ఫ్లేరుకి తొమ్మిదో పదో, మొత్తం నలభైకి దగ్గర. ఎం6 (6 మిల్లీమీటర్ల) స్టెయిన్‌లెస్ బోల్టులు, రేకులో 9 మిల్లీమీటర్ల కన్నంలో ఎం6 రివెట్ నట్టు (రేకులోనే బిగుసుకుని ఉండే నట్టు), ఫైబర్‌లో మాత్రం 8 మిల్లీమీటర్ల కన్నం. ఇందాక చెప్పిన అర మిల్లీమీటరు కదలికకు చోటు ఇదే. బోల్టు తల కింద వెడల్పు వాషరు, దాని కింద నైలాన్ వాషరు. చేతి స్పానర్‌తో ఆనేవరకే బిగించాలి. ఎయిర్ గన్ పెడితే ఫైబర్ మీది గట్టి పైపూత, జెల్‌కోట్, నక్షత్రంలా పగులుతుంది. తెరిచిన ప్రతి కన్నం అంచుకీ ఎపాక్సీ ప్రైమర్ పూయించండి. ఫ్లేరుకీ రేకుకీ మధ్య రబ్బరు బీడింగు, సీలింగుకి పాలీయూరథేన్. వెనిగర్ వాసన వేసే సిలికాన్ వద్దు, ఆ ఆమ్లమే స్టీలును తింటుంది. అల్యూమినియం పాప్ రివెట్లు కూడా వద్దు. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో స్టీలు పక్కన అల్యూమినియం పొడిపొడి అయిపోతుంది. వెనక వైపు డ్రిల్లు పెట్టే ముందు లోపల పెట్రోలు గొట్టం, వైర్లు ఎక్కడ పోతున్నాయో చూసి, బ్యాటరీ టెర్మినల్ తీయించండి.

ఇన్ని బోల్టులు కనపడితే అందం పోతుందంటారు. నిజమే, కొంత పోతుంది. కానీ 15 ఏళ్లు నిండాక ఆర్సీ రెన్యువల్ తనిఖీ రోజు వాటిని విప్పేసి బండిని కంపెనీ రూపంలో చూపించగలరు. కోసిన బండికి ఆ దారి లేదు.

వెడల్పు గురించి: కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో రూల్ 93 పరిమితి 2.6 మీటర్లు. ఏ స్పోర్ట్స్ కారూ ఫ్లేర్లతో అంత కాదు. సమస్య టైరు. టైరు పై భాగం మడ్‌గార్డు అంచు దాటి బయటికి కనపడితే అది ఎవరి కంటికైనా ఆనుతుంది. ఆ తప్పును కప్పడానికి ఫ్లేరు పనికొస్తుంది గానీ, టైరు మొత్తం ఎత్తు కంపెనీ ఇచ్చిన దానికి మించితే స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది, బ్రేకు దూరం మారుతుంది. కంపెనీ అదే మోడల్‌కు ఇచ్చిన సైజుల్లోనే వెతుక్కోండి. చక్రాన్ని బయటికి జరిపే స్పేసర్ల జోలికి పోకండి. ఫ్లేరు అంచులు పాదచారికి కోసుకోకుండా గుండ్రంగా ఉండాలి. ఐరోపా నియమంలో దీనికి కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధం అడుగుతారు, అదే పాటిస్తే మీకే మంచిది.

ఇన్సూరెన్స్ విషయంలో రెండు భాగాలు వేరుగా చూడాలి. మీ కారు ఇంకొకరికి తగిలితే, ఆ బాధితుడికి పరిహారం ఎగ్గొట్టడానికి కంపెనీకి సెక్షన్ 150లో ఉన్న కారణాలు కొన్నే. ఫ్లేర్లు ఆ జాబితాలో లేవు. కానీ ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకున్నారన్న కారణం ఉంది. రేసింగు వాడకం కూడా ఉంది. మీ కారుకే నష్టం జరిగితే కథ మారుతుంది. చెప్పకుండా బిగించిన ఫ్లేర్లు చూసి సర్వేయర్ అదే రాస్తాడు. ఆ మార్పుకూ ప్రమాదానికీ సంబంధం లేదని మీరు పోరాడాలి. పాలసీలోని వాడకం షరతు తప్పిన అమలేందు సాహూ కేసులో 2010లో సుప్రీంకోర్టు క్లెయిమ్ మొత్తం కొట్టేయకుండా 75 శాతం ఇప్పించింది. ఆ తీర్పు మీకు ఆసరా, హామీ కాదు.

అందుకే బిగించగానే బిల్లు జతచేసి కంపెనీకి ఉత్తరం రాసి, ఎలక్ట్రికల్ కాని యాక్సెసరీగా విలువ చేర్చి ఎండార్స్‌మెంట్ (పాలసీలో చేర్చినట్టు కంపెనీ ఇచ్చే రాత) తీసుకోండి. విచిత్రం ఏమిటంటే, పాలసీలో ఫైబర్‌గ్లాస్ భాగాలకు తరుగు 30 శాతమే, బండి వయసుతో పని లేదు. పదేళ్లు దాటిన బండికి స్టీలు భాగాల తరుగు 50 శాతం. చెప్పి వేసుకున్న 10,000 రూపాయల ఫ్లేరు విరిగితే 7,000 లెక్కకొస్తుంది, ఆ క్లెయిమ్ మొత్తంలోంచి తప్పనిసరిగా తగ్గించేది ఇంజన్ 1,500 సీసీ వరకు 1,000 రూపాయలు, పైన 2,000. చెప్పకుండా వేసుకుంటే సున్నా. క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకి ఫిర్యాదు, నెలలో తేల్చకపోతే హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. తిరస్కరణ నుంచి ఏడాది గడువు, ఫీజు లేదు, మాలాంటి వకీళ్ల అవసరమూ లేదు.

ఇక పగిలిన జాయింటు. పని లోపం సేవాలోపమే. షెడ్డు విశాఖలో ఉన్నా, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మీరు ఉండే విజయనగరం జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. రెండేళ్లలోపు వేయాలి, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఇక్కడే రేకు కోత మళ్లీ అడ్డొస్తుంది. చట్టం ఒప్పుకోని పనికి కుదుర్చుకున్న ఒప్పందం చెల్లదని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 చెబుతుంది. పర్మిషన్ లేకుండా రేకు కోయించుకుని, తరవాత జాయింటు పగిలిందని కమిషన్‌కి వెళ్తే, అవతలి వకీలు మొదట చదివేది ఆ సెక్షనే.

జాబ్ కార్డు మీద వీటిని రాయించి సంతకం పెట్టించుకోండి: రేకు కోయరాదు, ఫ్లేరు మందం, బోల్టుల సైజు, సీలెంటు రకం, కన్నాలకు ప్రైమర్, పగుళ్లకు కనీసం ఏడాది గ్యారంటీ. జీఎస్టీ బిల్లు లేకుండా డబ్బు ఇవ్వకండి. పనికి ముందు, మధ్యలో కన్నాలు తెరిచినప్పుడు, పూర్తయ్యాక తేదీ పడేలా ఫోటోలు తీసుకోండి. ఆర్సీ మీద ఫైనాన్స్ ఇంకా నడుస్తుంటే దరఖాస్తుకు ముందే ఫైనాన్సర్ నుంచి రాతపూర్వక సమ్మతి తీసుకుని, ఆ కాగితం కూడా జతచేయండి.